ప్రమేయము – హద్దు – జవాబు

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచి నూజివీడు వైపు చూచువారికి ఏప్రిల్, మే మాసములలో కనబడునది ఒక్కటే: మామిడికాయల లారీలు, ట్రాక్టర్లు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోనికి పోయినది, మన బాపులపాడు మండలము కృష్ణా జిల్లాలో నిలిచినది. అయినను చిన్నరసమునకు గాని బంగినపల్లికి గాని జిల్లాల సరిహద్దు పట్టదు. కాయ కోతకు వచ్చిన నాటి నుండి ఇటును అటును ప్రతి ఇంట ఒకే లెక్క: కాటాకు ఎంత తూగినది, ధర ఎంత పలికినది, కమీషను ఎంత, హమాలీ ఎంత, తుదకు చేతికి వచ్చునది ఎంత. ఈ వ్యాసమునకు మూలము అట్టి లెక్కయే.

గత వేసవిలో మా విద్యార్థి యొకడు కొందరు తోట కౌలుదారుల కొరకు పైథాన్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు వ్రాసెను. పది పదునైదు పంక్తులకు మించినది కాదు. ఆ స్క్రిప్టు చూపిన లెక్కను నమ్మి సొమ్ము పంచగా, ఒక కౌలుదారునకు పదివేల రూపాయలు తక్కువ ముట్టినవి. యంత్రము ఎట్టి దోషమును చూపలేదు. ఎఱ్ఱని అక్షరము ఒక్కటియు తెరపై రాలేదు. ఆ పదివేలు ఎచ్చట పోయినవో వెదకిన కొలది, మేము తరగతిలో నాలుగు వారములు చెప్పు పాఠమంతయు ఆ పదునైదు పంక్తులలోనే మాకు కనబడినది. కావున విద్యార్థి మిత్రులకు ఆ దారినే ఈ విషయమును వివరింప దలచినాము.

ముందుగా మాటల సంగతి. గణితమున ‘ఫంక్షన్’ అను దానికి తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములు ప్రమేయము అనియు, ‘వేరియబుల్’ అను దానికి చలరాశి అనియు పేర్లు స్థిరపరచినవి. ఉర్దూ మాధ్యమమున చదివిన మిత్రులు చలరాశిని ముతగయ్యర్ అని యెరుగుదురు. ఈ పేర్లు గణితమునకు చక్కగా సరిపోవును. స్క్రిప్టు వ్రాయువానికి మాత్రము మన జమాఖర్చుల భాషయే దగ్గర అని మా అభిప్రాయము. హద్దు, జవాబు, వాపసు, బయానా, హమాలీ, కిరాయి, రసీదు, వసూలు – ఇవి అరబ్బీ, పారసీ భాషల నుండి ఉర్దూ ద్వారా మన అంగడిలోనికి వచ్చి, తెలుగు రైతు నోట తెలుగు మాటలైనవి. ప్రమేయమునకు ఒక హద్దు కలదు. హద్దు లోపల పుట్టినది హద్దు లోపలనే అణగును. హద్దు దాటి వచ్చునది జవాబు ఒక్కటే. ఈ మూడు వాక్యములను గ్రహించినవానికి తక్కినదంతయు వివరమే.

‘అల్గారిథమ్’ అను మాట సైతము ఒక మనుష్యుని పేరు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరములో నివసించిన అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్క చేయు రీతిని గ్రంథస్థము చేయగా, ఆ గ్రంథము లాటిన్ భాషలోనికి పోయినప్పుడు ఆయన పేరే లెక్క చేయు పద్ధతికి పేరైనది. ఇక్కడి సున్న అక్కడికి ‘సిఫర్’ అను పేర పోయినది. సిఫర్ అనగా శూన్యము, ఖాళీ. ఈ ఖాళీతో మనకు కొంచెము సేపటిలో పని పడును.

ఇక స్క్రిప్టు. ఈ పత్రికలో సర్వము తెలుగు లిపిలో ముద్రించుచున్నాము గాని, యంత్రముపై డెఫ్, రిటర్న్, ప్రింట్ వంటి భాషాపదములను ఆంగ్లాక్షరములతోనే కొట్టవలెను. పేర్లను మాత్రము తెలుగులో గాని ఉర్దూలో గాని పెట్టుకొనవచ్చును. 2008లో వెలువడిన పైథాన్ మూడవ రూపము నుండి ఈ వీలు కలిగినది. ఒక చిక్కు మాత్రము కలదు. పొల్లును తరువాతి అక్షరముతో కలియనీయకుండుటకు మన కీబోర్డులు కంటికి కనబడని గుర్తు నొకదానిని చొప్పించును. అది పేరులో దొరలినచో పైథాన్ అంగీకరింపదు. పేరు చూచుటకు సరిగానే ఉండును, యంత్రము మాత్రము తప్పనును. ఈ గుర్తు వలన మా ప్రయోగశాలలో ఒక పూట వృథా అయినది.

డెఫ్ నికరము(బరువు, ధర):
    మొత్తము = బరువు * ధర
    కమీషను = మొత్తము * 5 / 100
    హమాలీ = బరువు * 200
    రిటర్న్ మొత్తము - కమీషను - హమాలీ

బరువు టన్నులలో, ధర టన్నుకు రూపాయలలో. నూటికి అయిదు కమీషను, టన్నుకు రెండువందలు హమాలీ అనునవి లెక్క సులువుగా సాగుటకై మేము వేసుకొన్న అంకెలే గాని ఏ మార్కెట్టు రేట్లును కావు.

డెఫ్ అను పంక్తిని చదివినప్పుడు యంత్రము ఏ లెక్కయు చేయదు. ‘నికరము’ అను పేర ఒక పద్ధతి కలదని గుర్తుంచుకొనును, అంతే. లెక్క జరుగుట పిలిచినప్పుడు:

మొదటిది = నికరము(4, 18000)
రెండవది = నికరము(2.5, 20000)
ప్రింట్(మొదటిది + రెండవది)

మొదటి పిలుపున బరువు అను పేరు 4కును, ధర అను పేరు 18000కును తగిలింపబడును. మొత్తము 72,000. కమీషను 3,600. హమాలీ 800. జవాబు 67,600. ఆ జవాబు పిలిచినచోటికి వచ్చి ‘మొదటిది’ అను పేరుకు దక్కును. రెండవ పిలుపున మొత్తము 50,000, కమీషను 2,500, హమాలీ 500, జవాబు 47,000. రెండును కలియగా 1,14,600. భాగహారము జరిగినందున యంత్రము దీనిని 114600.0 అని దశాంశముతో చూపును. దానికి కంగారు పడనక్కర లేదు.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. మొదటి పిలుపులోని ‘మొత్తము’ రెండవ పిలుపులోని ‘మొత్తము’ కాదు. పేరు ఒకటే, వస్తువులు వేరు. మన ఇంట అమ్మమ్మ అనిన ఒకరు, పొరుగింట అమ్మమ్మ అనిన మరియొకరు. ఆ ఇంట నానీ అని పిలిచినను అంతే. ఏ ఇంట నిలిచి పిలిచితిమో దానిని బట్టి పలుకువారు మారుదురు గాని, ఒకే పిలుపు వలన ఇద్దరు అమ్మమ్మలకు తగవు రాదు. ప్రమేయమును పిలిచిన ప్రతిసారియు దాని కొరకు ఒక క్రొత్త ఇల్లు వెలయును, జవాబు చెప్పిన వెంటనే ఆ ఇల్లు లేచిపోవును. బయట నిలిచి ప్రింట్(కమీషను) అని అడిగినచో, అట్టి పేరు లేదని యంత్రము చెప్పును. కమీషను కూడ బయటికి కావలెనన్నచో దానిని జవాబుతో పాటు పంపవలెను: రిటర్న్ పంక్తిలో రెండింటిని కామాతో చేర్చి వ్రాసిన రెండును కలిసి వచ్చును.

మన విద్యార్థి మొదట వ్రాసినది ఇట్లు కాదు. చివరి పంక్తిలో రిటర్న్ అనుటకు బదులు ప్రింట్ అని వ్రాసినాడు. నడిపి చూడగా తెరపై 67600.0 అనియు, 47000.0 అనియు చక్కగా పడినవి. మూడవ పంక్తికి వచ్చునప్పటికి, అనగా రెండింటిని కలుపబోవునప్పటికి, ‘నన్’ను ‘నన్’తో కలుపుట సాధ్యము కాదని యంత్రము నిలిచిపోయినది. అతడు మా వద్దకు వచ్చి, “జవాబు తెరమీద కనిపిస్తూనే ఉంది కదండీ, లేదంటుందేమిటి?” అని అడిగెను. ఏటేట ఈ ప్రశ్న వచ్చును. ఇది మందబుద్ధుల ప్రశ్న కాదు, ఆలోచించువారి ప్రశ్నయే.

ప్రింట్ అనగా కేక వేయుట. కాటా వద్ద గుమాస్తా “నాలుగు టన్నులు!” అని కేక వేసెను. నిలిచినవారందరు వినిరి. గాలిలో కలిసెను. రిటర్న్ అనగా చీటీ వ్రాసి చేతికిచ్చుట. ఆ చీటీని జేబులో వేసుకొనవచ్చును, మరియొక చీటీతో కూడవచ్చును, మరియొక ప్రమేయమునకు అందింపవచ్చును. కేకను కూడుట ఎవరి తరము? తెరను చూచునది మన కన్ను. స్క్రిప్టులోని తరువాతి పంక్తికి కన్ను లేదు. దానికి చేతికిచ్చినదే లెక్క.

మరి రిటర్న్ లేని ప్రమేయము ఏమి ఇచ్చును? ఇక్కడనే ఖాళీతో పని. పైథాన్ ‘నన్’ అను ఒక ప్రత్యేక విలువను ఇచ్చును. ఇది సున్న కాదు. సున్న యొక సంఖ్య. నాలుగుకు సున్న కలిపిన నాలుగు. రైతు నికరము సున్న అనినచో లెక్క జరిగినది, మిగిలినది లేదు అని అర్థము. నన్ అనినచో లెక్క అసలు చేతికి రాలేదని అర్థము. పద్దు పుస్తకములో ‘0’ అని వ్రాసిన గడికిని, ఏమియు వ్రాయక విడిచిన గడికిని గల భేదమే ఇది. మన పూర్వుల శూన్యము సిఫర్‌గా మారునప్పుడు ఖాళీ యను అర్థముతోనే పోయినది గాని, లెక్కకు వచ్చునప్పటికి ఈ రెండు ఖాళీలను వేరుపరచుకొనక తప్పదు. దీనిలోనే ఇంకొక మోసము కలదు. ‘బరువు సున్న కంటె ఎక్కువైనచో ఇంత’ అని షరతు పెట్టి అందు మాత్రమే రిటర్న్ వ్రాసి, షరతు తప్పినప్పుడు ఏమి ఇవ్వవలెనో వ్రాయక మరచినచో, ఒక దారిన జవాబు, మరియొక దారిన నన్ వచ్చును. నూరు లారీలకు సరిగా నడచిన స్క్రిప్టు నూట ఒకటవ లారీ వద్ద నిలిచిపోవుట ఇందువలననే.

రిటర్న్ అను మాటకు మొదట నుండి రెండు అర్థములు కలవు. జవాబును ఇచ్చుట ఒకటి, వచ్చిన దారినే మరలిపోవుట మరియొకటి. చరిత్రలో రెండవదియే ముందు పుట్టినది. 1949 మే నెలలో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రము మొదటి లెక్క చేసెను. ఒకే పద్ధతిని ప్రతిచోట తిరిగి తిరిగి వ్రాయుట వృథా యని, ఒకచోట వ్రాసియుంచి ఎక్కడి నుండి యైనను పిలుచుకొనవలెనని అచ్చటివారు తలచిరి. పిలుచుట సులువు. పని ముగిసిన తరువాత ఎక్కడికి మరలవలెను? పిలిచినవారు పలువురు కదా! డేవిడ్ వీలర్ అను యువకుడు దీనికి ఉపాయము కనిపెట్టెను. పిలుచువాడు తానున్న చోటి సంఖ్యను చేతిలో పట్టుకొని వచ్చును. పిలువబడినది ఆ సంఖ్యను బట్టి తిరుగు ఆజ్ఞను తయారుచేసి తన చివరి గడిలో నాటుకొనును. పని ముగియగానే ఆ ఆజ్ఞయే దారి చూపును. మారిస్ విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు ఈ విద్యపై 1951లో గ్రంథము ప్రచురించిరి.

ఈ ఉపాయములో ఒక లోపము కలదు. చివరి గడి ఒక్కటే గనుక, ప్రమేయము తన్ను తానే పిలుచుకొనినచో మొదటి తిరుగుదారి చెరిగిపోవును. ఆ లోపమును తీర్చినది దొంతర. పిలిచిన కొలది ఒకదానిపై ఒక పళ్లెము పేర్చినట్లు, ప్రతి పిలుపునకు దాని తిరుగుదారియు, దాని స్వంత చలరాశులును ఒక పళ్లెములో ఉండును. జవాబు రాగానే పై పళ్లెము తీసివేయబడును. పైన మేము ‘ఇల్లు లేచిపోవును’ అని చెప్పినది ఈ పళ్లెము సంగతియే. జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్ భాష, 1960 నాటి ఆల్గాల్ భాష తన్ను తాను పిలుచుకొను ప్రమేయములకు చోటిచ్చినవి. ఆ మెకార్తీ వద్ద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో శిష్యరికము చేసి 1966లో డాక్టరేటు పొందినవారు మన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు. 1994లో వారికి ట్యూరింగ్ పురస్కారము లభించినది. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడి, దాని ఆవరణలలో ఒకటి మన ప్రక్కనున్న నూజివీడులో వెలసినప్పుడు, దానికి మొదటి ఛాన్సలరు వారే. దొంతర అను భావము మనకు ఎంత దూరపుదో, ఎంత దగ్గరదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

ఇక పదివేల సంగతి. రిటర్న్ వ్రాసి మొదటి చిక్కు విప్పుకొనిన తరువాత, ఒక కౌలుదారు ముందుగా పదివేలు బయానా పుచ్చుకొని యున్నాడని విద్యార్థికి తెలిసినది. అతడు స్క్రిప్టు పైభాగమున, ప్రమేయమునకు వెలుపల, ఒక పంక్తి చేర్చినాడు. చివరి పంక్తిని కొంచెము మార్చినాడు:

బయానా = 10000

డెఫ్ నికరము(బరువు, ధర):
    మొత్తము = బరువు * ధర
    కమీషను = మొత్తము * 5 / 100
    హమాలీ = బరువు * 200
    రిటర్న్ మొత్తము - కమీషను - హమాలీ - బయానా

మొదటి కౌలుదారునకు 57,600 వచ్చినది. అది సరియే. కాగితముపై సరిచూచినాడు, కుదిరినది. రెండవ కౌలుదారునకు 37,000 వచ్చినది. దానిని సరిచూడలేదు. ఒకటి సరియైనప్పుడు రెండవది మాత్రము ఎందుకు తప్పునని అతని ధైర్యము.

సొమ్ము లెక్కపెట్టుకొన్న ఆ రెండవ కౌలుదారు, “బాబూ, నేను బయానా పుచ్చుకోలేదే!” అనెను. మనవాడు, “కంప్యూటరు లెక్క తప్పదండీ” అనెను. ఆ మాట అతడు మాతో చెప్పినప్పుడు అతని తల వంగియుండెను. అది అతనికి మాత్రమే సిగ్గు కాదు. ఆ ధైర్యమును మా తరగతిలోనే కదా నేర్చినాడు! ఆ కౌలుదారు కాగితము కలము లేకుండ, టన్నుల వారీగా వ్రేళ్లపై లెక్కించి నలుబదియేడువేలు రావలెనని తేల్చినాడు. మరునాడు అతని పదివేలు అతనికి ముట్టినవి.

ఈ తప్పు ఎట్లు జరిగినది? ప్రమేయము లోపల ఒక పేరు కనబడినప్పుడు పైథాన్ మొదట ఆ ప్రమేయపు హద్దులో వెదకును. అక్కడ లేనిచో దానిని చుట్టియున్న ప్రమేయమున్నచో అందును, తరువాత స్క్రిప్టు వెలుపలి ప్రాంగణమందును, తుదకు భాషతో పాటు వచ్చిన పేర్లలోను వెదకును. బయానా లోపల లేదు. వెలుపల దొరికినది. దొరికినది గనుక దోషము లేదు. వెలుపలి బయానా ఎవరిది అని యంత్రము అడుగదు. అది మొదటివానిది, రెండవవానికి వర్తింపదు అను సంగతి ఏ పంక్తిలోను వ్రాసి లేదు. అది విద్యార్థి మనస్సులో మాత్రమే కలదు.

దీనికి మందు చిన్నది. బయానాను వెలుపల నుండి దొంగచాటుగా తెచ్చుకొననీయక, ముంగిట నుండి అడిగి తీసుకొనునట్లు చేయవలెను:

డెఫ్ నికరము(బరువు, ధర, బయానా):

అప్పుడు నికరము(4, 18000, 10000) అనియు, నికరము(2.5, 20000, 0) అనియు పిలువవలసి వచ్చును. రెండవవానికి సున్న అని మన చేతితో వ్రాయవలెను. మరచిపోయి రెండే విలువలు ఇచ్చినచో, మూడవది ఏదని యంత్రము నిలదీయును. ఆ నిలదీయుట మనకు మేలు. బయానా=0 అని ముందే వ్రాసిపెట్టినచో మరచినవారికి సున్న దానంతటదే పడును గదా యని కొందరందురు. భాష దానికి వీలిచ్చును, నిజమే. సొమ్ము లెక్కలలో మాత్రము మేము దానిని ఒప్పుకొనము. బయానా పుచ్చుకొన్నవాని పద్దు మరచినప్పుడు కూడ ఆ సున్న మాటాడకుండ కూర్చుండును.

వెలుపలి పేరును లోపల చదువుట ఇంత సులువైనప్పుడు, దానిని లోపల నుండి మార్చుటయు సులువేనని అనుకొనరాదు. ఒక విద్యార్థిని ఇట్లు వ్రాసెను:

రాశి = 0

డెఫ్ కలుపు(సొమ్ము):
    రాశి = రాశి + సొమ్ము

కలుపు(67600)

ఇది నడువదు. ప్రమేయపు దేహములో ఎక్కడనైనను ఒక పేరుకు విలువ నిచ్చినచో, ఆ పేరు ఆ దేహమంతటికిని లోపలిదే యని పైథాన్ ముందుగానే నిర్ణయించును. కావున కుడి ప్రక్కనున్న రాశి వెలుపలి సున్న కాదు. ఇంకను విలువ పడని లోపలి పేరు. లేని దానికి ఎట్లు కూడుట? గ్లోబల్ అను మాటతో వెలుపలిదానినే మార్చుమని చెప్పవచ్చును గాని, ప్రారంభ విద్యార్థులు దానిని మరచిపోవుటయే మంచిది. పాతదానిని ముంగిట ఇచ్చి, క్రొత్తదానిని జవాబుగా పుచ్చుకొనుడు:

డెఫ్ కలుపు(పాతది, సొమ్ము):
    రిటర్న్ పాతది + సొమ్ము

రాశి = కలుపు(రాశి, 67600)

చివరి పంక్తిలో ఎడమ ప్రక్కనున్న ‘రాశి =’ అను దానిని వదలివేయుదురు కొందరు. అప్పుడు ప్రమేయము లెక్క చేసి చీటీ ఇచ్చును, పుచ్చుకొను చేయి లేక ఆ చీటీ నేలపాలగును. యంత్రము దానిని కూడ తప్పనదు.

ఇక కొంచెము సూక్ష్మమైన విషయము. ప్రమేయమునకు ఇచ్చునది వస్తువు నకలా, వస్తువేనా? పైథాన్‌లో పేరు అనగా పెట్టె కాదు, పెట్టెకు కట్టిన చీటీ. ప్రమేయమును పిలిచినప్పుడు అదే పెట్టెకు రెండవ చీటీ కట్టబడును. లోపల ధర = ధర + 1000 అనినచో లోపలి చీటీని విప్పి వేరొక పెట్టెకు కట్టినట్లు; వెలుపలి చీటీ మొదటి పెట్టెకే యుండును. కావున వెలుపలి ధర మారదు. ఇచ్చినది జాబితాయై, లోపల అపెండ్ చేత దానిలో ఒక అంశమును చేర్చినచో, చీటీ విప్పలేదు, పెట్టెలోనే ఒక కాయ వేసినాము. వెలుపలి చీటీ పట్టుకొని చూచినవానికి కూడ ఆ కాయ కనబడును. చీటీ మార్చితిమా, పెట్టెను ముట్టితిమా అని ప్రతి పంక్తి వద్దను అడుగుకొనవలెను.

అన్ని భాషలును ఒకే రీతిని ఉండవు. పీహెచ్‌పీలో ప్రమేయము వెలుపలి చలరాశులను తనంతట చూడజాలదు. మన విద్యార్థి అందులో వ్రాసియుండినచో బయానా దొరకక అప్పుడే హెచ్చరిక వచ్చియుండెడిది. జావాస్క్రిప్టులో రిటర్న్ లేనిచో ‘అన్‌డిఫైన్డ్’ వచ్చును. కఠినమైన పద్ధతిని కోరకున్నచో, ప్రకటింపని పేరుకు లోపల విలువ నిచ్చినను అది వెలుపలి ప్రాంగణమున పుట్టి కూర్చుండును. బాష్ వంటి షెల్ స్క్రిప్టులు అన్నిటికంటె వింత. అందు లోకల్ అని చెప్పనంతవరకు ప్రతి పేరును అందరిదే. రిటర్న్ అనునది 0 నుండి 255 వరకు గల ఒక సంకేతమును మాత్రమే మోయగలదు. 300 అని పంపినచో 256 పోగా 44 మిగులును! అక్కడ జవాబును తెరపై వేసినట్లు వేసి, పిలిచినవాడు దానిని పట్టుకొనవలెను. అనగా మేము పైన కేకయని తీసివేసినదే అక్కడ చీటీ. మా విద్యార్థి ప్రశ్న మందబుద్ధి ప్రశ్న కాదని చెప్పుటకు ఇదియు ఒక కారణము.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. మన ప్రయోగ పరీక్షలలో తెరపై పడిన ఫలితమును చూచి మార్కులు వేయుట వాడుకయైనది. ఈ పద్ధతిలో ప్రింట్ వ్రాసినవానికిని రిటర్న్ వ్రాసినవానికిని భేదము తెలియదు. బయానా స్క్రిప్టునకు కూడ ఒకే కౌలుదారుతో పరీక్షించినచో పూర్తి మార్కులు వచ్చియుండెడివి. ప్రతి ప్రమేయమును కనీసము రెండు వేరు వేరు పద్దులతో పిలిచి చూడవలెననియు, పది నిమిషములు కాగితముపై పంక్తి పంక్తికి విలువలు వ్రాయించవలెననియు మా ప్రతిపాదన. దీనికి క్రొత్త యంత్రములు అక్కరలేదు, కాగితము చాలును. తెలుగు, ఉర్దూ, ఆంగ్లము మూడు వరుసలలో ఒక పదపట్టికను ప్రయోగశాల గోడపై అంటించుటకు కూడ అనుమతి కోరుచున్నాము.

విద్యార్థులకు ఒక అభ్యాసము విడిచిపెట్టుచున్నాము:

డెఫ్ చేర్చు(కాటా, జాబితా):
    జాబితా.అపెండ్(కాటా)
    కాటా = 0

బరువు = 3
దినము = []
చీటీ = చేర్చు(బరువు, దినము)
ప్రింట్(బరువు, దినము, చీటీ)

తెరపై ఏ మూడు విలువలు పడును? యంత్రమును ముట్టక ముందు కాగితముపై వ్రాసి, ప్రతిదానికి ఒక వాక్యములో కారణము చెప్పి, ప్రయోగశాల బల్లపైనున్న పెట్టెలో వేయవలెను. తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయవచ్చును.